పాత యాంప్లిఫయర్ల మహిమ

1970లలో తయారైన స్టీరియో యాంప్లిఫయర్ల మీద మోజు ఈ మధ్య మళ్ళీ పెరిగింది. అమెరికా నుంచి సెలవులకి వచ్చేవాళ్ళలో కొందరు సామాన్ల మధ్య ఒక పాత మరాంజో, పయొనీరో మోసుకొస్తున్నారు. ముంబయి చోర్ బజార్లోనూ, హైదరాబాదులో ఎర్రగడ్డ ఆదివారం సంతలోనూ పాతసామాన్లవాళ్ళకి కూడా ఈ పేర్లు కంఠతా వచ్చేశాయి. కొన్నవాళ్ళని కదిపితే ఒకటే మాట: "ఆ రోజుల్లో తయారీయే వేరండీ. ఆ సౌండులో ఒక వార్మ్‌నెస్, ఒక నిండుదనం ఉంటాయి. ఇప్పటి డబ్బాల్లో అది రమ్మన్నా రాదు." ఇలా అనేవాళ్ళలో గాల్లోంచి విభూతి తీసే బాబాలని చూసి నవ్వేవాళ్ళున్నారు. జాతకాల మాటెత్తితే మండిపడేవాళ్ళున్నారు. సాక్షాత్తూ మన హేతువాద మిత్రులే కొందరున్నారు. అందుకే ఈ విషయం రాయాలనిపించింది.

ముందుగా యాంప్లిఫయర్ చేసే పని ఏమిటో చూద్దాం. సీడీ ప్లేయరో, గ్రామఫోనో ఇచ్చే బలహీనమైన విద్యుత్ సంకేతాన్ని స్పీకర్ని కదిలించగలిగేంత బలంగా మార్చడమే దాని పని. లోపలికి ఏ ఆకారంలో వెళ్ళిందో బయటికి అదే ఆకారంలో, పెద్దదై రావాలి. అంతకుమించి ఏది కలిసినా, ఏది తగ్గినా దాన్ని డిస్టార్షన్ అంటారు. ఇక్కడే చాలామంది ఒక పోలిక దగ్గర తడబడతారు. పాత పనసకర్రతో చేసిన వీణకి మంచి నాదం ఉంటుందంటారు కదా, యాంప్లిఫయర్ కూడా అంతే అనుకుంటారు. వీణ సంగీతాన్ని పుట్టిస్తుంది, కనుక దానికి నాదం ఉండాలి. యాంప్లిఫయర్ పుట్టిన సంగీతాన్ని మోసుకొస్తుంది. దానికి సొంత నాదం ఉండకూడదు. తపాలా బంట్రోతు ఉత్తరం తెచ్చి ఇవ్వాలిగాని అందులో నాలుగు ముక్కలు తనవి కలపకూడదు.

పాతవాటిని మెచ్చుకునేవాళ్ళు మూడు వేరువేరు మాటల్ని కలిపి ఒకటిగా చెబుతూ ఉంటారు. ఒకటి, పాతవి బాగా వినిపిస్తాయి. రెండు, పాతవి గట్టిగా తయారయ్యాయి. మూడు, పెట్టిన డబ్బుకి పాతవే మేలు. ఈ మూడింటినీ విడదీయాలి. ఒకటి నిజమైతే మిగతావి కూడా నిజం కానక్కర్లేదు.

మొదటిది తీసుకుందాం. "బాగా వినిపిస్తుంది" అనేది పరీక్షించదగిన మాట. మహిమలున్నాయనేవాళ్ళకి అబ్రహాం కోవూర్ 1963లో లక్ష రూపాయల సవాలు విసిరినప్పుడు ఆయన అడిగింది ఒక్కటే: మోసానికి తావులేని పరిస్థితుల్లో చేసి చూపించమని. ఇక్కడ మనల్ని మోసం చేసేది ఎదుటివాడు కాదు, మన బుర్రే. కనుక తీసుకోవలసిన జాగ్రత్తలు రెండు. ఏ యాంప్లిఫయర్ మోగుతోందో వినేవాడికి తెలియకూడదు. రెండూ సరిగ్గా ఒకే స్థాయిలో మోగాలి.

ఈ రెండో షరతుని తేలిగ్గా తీసిపారేస్తారు గాని అసలు కిటుకంతా అక్కడే ఉంది. శబ్దం తక్కువ స్థాయిలో ఉన్నప్పుడు మన చెవికి బాస్ స్వరాలూ, బాగా పై స్వరాలూ మధ్యస్థాయి స్వరాలకంటే పలచగా వినిపిస్తాయి. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. స్థాయి కాస్త పెంచితే చాలు, సంగీతం నిండుగా ఉన్నట్టనిపిస్తుంది. తేడా మరీ తక్కువగా ఉంటే అది "గట్టిగా ఉంది" అనిపించదు, "బాగుంది" అనిపిస్తుంది. కొట్లో అమ్మేవాళ్ళకి ఈ రహస్యం మనకంటే ముందే తెలుసు.

పాత యాంప్లిఫయర్ల విషయంలో ఇది మరీ చిత్రంగా పనిచేస్తుంది. 1970లలో టేప్ రికార్డర్లూ, ట్యూనర్లూ ఇచ్చే సంకేతం తక్కువ. అందుకని ఆనాటి యాంప్లిఫయర్లు దాదాపు 150 మిల్లీవోల్టులకే పూర్తి శక్తితో మోగేటట్టు తయారయ్యేవి. ఆ తరవాత వచ్చిన సీడీ ప్లేయర్లు 2 వోల్టుల దాకా ఇస్తాయి. అంటే 13 రెట్లు ఎక్కువ. కనుక పాత యాంప్లిఫయర్‌కి సీడీ ప్లేయర్ తగిలించి నాబ్ పావువంతు తిప్పేసరికి ఇల్లు దద్దరిల్లుతుంది. "చూశారా, పావు తిప్పితేనే ఇంత పవర్! కొత్తదాన్ని సగం తిప్పినా ఇంత రాదు" అంటారు. అది యాంప్లిఫయర్ శక్తి కాదు. నాబ్ ఎంత తిప్పాం అన్నదానికీ, ఎన్ని వాట్లు ఇవ్వగలదు అన్నదానికీ సంబంధం లేదు.

జాగ్రత్తగా చేసిన పరీక్షల్లో ఏం తేలింది? ఇంగ్లండులోని క్వాడ్ కంపెనీ తయారుచేసిన మూడు తరాల యాంప్లిఫయర్ల మీద 1978లో జేమ్స్ మోయిర్ అనే ఇంజనీరు వినికిడి పరీక్షలు చేసి వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో ప్రచురించాడు. అందులో ఒకటి 1953 నాటి వాల్వుల యాంప్లిఫయర్, ఒకటి 1967 నాటి ట్రాన్సిస్టర్లది, మరొకటి 1975 నాటిది. విన్నవాళ్ళు వాటిని విడదీసి చెప్పలేకపోయారు. 1987 జనవరిలో అమెరికాలో స్టీరియో రివ్యూ పత్రిక ఇటువంటిదే మరొకటి పెద్దయెత్తున చేసింది. 220 డాలర్ల పయొనీర్ రిసీవర్ మొదలుకొని 12,000 డాలర్ల వాల్వు యాంప్లిఫయర్ల దాకా అందులో ఉన్నాయి. స్థాయిలు సరిచేసి, పేర్లు దాచి వినిపిస్తే గుర్తుపట్టడం బొమ్మా బొరుసూ వేసినట్టే అయింది. విన్నవాళ్ళలో యాంప్లిఫయర్లన్నీ ఒకేలా ఉండవని గట్టిగా నమ్మేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ ఫలితాలూ అంతే.

దీనికంటే ఆసక్తికరమైనది 1985లో జరిగింది. బాబ్ కార్వర్ అనే అమెరికన్ ఇంజనీరు స్టీరియోఫైల్ పత్రిక సంపాదకులతో పందెం కట్టాడు. వాళ్ళకి నచ్చిన ఖరీదైన యాంప్లిఫయర్ని ఏదైనా ఎంచుకోమన్నాడు. తన చవక ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ని సరిగ్గా దానిలాగే వినిపించేటట్టు మారుస్తానన్నాడు. వాళ్ళు ఒక ఖరీదైన వాల్వు యాంప్లిఫయర్ని ఇచ్చారు. అతను రెండింటికీ ఒకే సంకేతం పంపి, బయటికొచ్చినవాటిలో ఒకదాన్నుంచి మరొకటి తీసేసి, మిగిలే తేడాని తగ్గించుకుంటూ పోయాడు. రెండు రోజుల్లో ఆ తేడా ఎంత తగ్గిందంటే, పట్టుకోవడానికే కూర్చున్న సంపాదకులు ఏది ఏదో చెప్పలేకపోయారు. ఇందులోంచి నేర్చుకోవలసినది రెండు వైపులా ఉంది. ఆ వాల్వు యాంప్లిఫయర్‌కీ మామూలుదానికీ తేడా ఉన్నమాట నిజమే. లేకపోతే అతనికి మార్చవలసిన పనే ఉండేది కాదు. కాని ఆ తేడా కొలవడానికి అందేదే. అంటే అది మహిమ కాదు.

ఆ తేడా ఎక్కణ్ణించి వస్తుంది? స్పీకర్ మీద 8 ఓమ్‌లని రాసి ఉన్నా, అది అన్ని స్వరాల దగ్గరా 8 కాదు. ఒకచోట 4కి దిగుతుంది, ఇంకోచోట 30 దాకా ఎక్కుతుంది. యాంప్లిఫయర్ సొంత అంతర్నిరోధం చాలా తక్కువైతే ఈ హెచ్చుతగ్గులు దాన్ని బాధించవు. 0.05 ఓమ్ ఉందనుకుంటే తేడా డెసిబెల్‌లో పదోవంతు కూడా ఉండదు. కొన్ని వాల్వు యాంప్లిఫయర్లలో అది 2 ఓమ్‌లు ఉంటుంది. అప్పుడు స్పీకర్ 30 ఓమ్‌లున్నచోట స్వరం దాదాపు 3 డెసిబెల్స్ పైకి లేస్తుంది. ఇది ఎవరికైనా వినిపిస్తుంది. కొన్ని స్పీకర్లతో చెవికి ఇంపుగా కూడా ఉండవచ్చు. నిజానికి ఇది ఎవరూ ముట్టుకోకుండానే తిరిగిన టోన్ కంట్రోల్. అంతే.

ట్రాన్సిస్టర్లతో చేసిన మంచి యాంప్లిఫయర్లలో ఈ సమస్య లేదు. 1971 ప్రాంతంలో వచ్చిన మరాంజ్ 2270కి కంపెనీ చెప్పిన డిస్టార్షన్ 0.3 శాతం. 1976లో వచ్చిన పయొనీర్ ఎస్ఎక్స్-1250కి 0.1 శాతం. ఇప్పటి మంచివాటిలో అది 0.01 శాతం కంటే తక్కువ. కాగితం మీద చూస్తే పది, ముప్ఫై రెట్లు మెరుగు. కాని మంచి స్పీకర్లు కూడా బాస్ గట్టిగా మోగినప్పుడు కొన్ని శాతాల డిస్టార్షన్ తామే కలుపుతాయి. పది శాతం చిందే గిన్నెలోకి ఒంపుతున్నప్పుడు చెంచాలో ఒక చుక్క మిగిలిందా, పదో వంతు చుక్క మిగిలిందా అని వాదించుకున్నట్టుంటుంది. కనుక కొత్తదాని గొప్ప చెప్పుకునేవాళ్ళు కూడా ఈ అంకెలు చూపించి చెవులకి తేడా తెలుస్తుందనడం సబబు కాదు.

మా ఇంట్లో ఒక ఆదివారం మిత్రులు ఆరుగురితో ఈ పరీక్ష చేశాం. ఒకపక్క పేరున్న ఒక పాత జపాన్ రిసీవర్, ఇంకోపక్క అరచేతిలో పట్టే కొత్త యాంప్లిఫయర్. ముందు అందరికీ కనిపించేటట్టు పెట్టి వినిపించాం. ఐదుగురు పాతదే మేలన్నారు. తరవాత రెండింటినీ పక్కగదిలోకి మార్చి, ఒకే సీడీ ప్లేయర్ నుంచి రెండింటికీ కలిపి, స్పీకర్ల తీగలు రెండింటినీ, ప్లస్సునీ మైనస్సునీ కూడా, ఒక రోటరీ స్విచ్ ద్వారా మార్చేటట్టు అమర్చాం. సీడీలో 400 హెర్ట్జ్ స్వరం పెట్టి, స్పీకర్ టెర్మినల్స్ దగ్గర మల్టీమీటరుతో రెండింటినీ 2 వోల్టులకి సరిచేశాం. అక్కడొక తమాషా బయటపడింది. పాతదానిలో ఎడమ చానెల్ కుడిదానికంటే తక్కువ ఇస్తోంది. వాల్యూమ్ కంట్రోల్ అరిగిపోవడమే కారణం. దాన్ని బ్యాలెన్స్ నాబ్‌తో సరిచేశాకనే మొదలుపెట్టాం. నేను పక్కగదిలో నాణెం ఎగరేసి, పడినదాన్నిబట్టి స్విచ్ తిప్పి కాగితం మీద రాసుకున్నాను. పాతదే మేలని అందరికంటే గట్టిగా వాదించిన మిత్రుడు 16సార్లు విని 9సార్లు సరిగ్గా చెప్పాడు. ఊరికే ఊహించి చెప్పినా సగటున 8 వస్తాయి.

ఆ మిత్రుడు అబద్ధం చెప్పాడని ఎవరూ అనుకోకూడదు. అతనికి నిజంగానే తేడా వినిపించింది. గుళ్ళో దేవుడి విగ్రహం నవ్వినట్టు కనిపించిన భక్తురాలికి కూడా నిజంగానే కనిపిస్తుంది. వినడమనేది చెవితో మొదలై బుర్రలో పూర్తవుతుంది. కళ్ళముందు మందపాటి అల్యూమినియం ఫలక, నీలం వెలుగులో డయలు, చేతికి బరువుగా తిరిగే నాబ్ ఉంటే బుర్ర వాటిని కూడా కలిపి వింటుంది. ఆరుగురిలో ఒక్కరు చేసిన 16 ప్రయత్నాలతో లోకంలోని యాంప్లిఫయర్లన్నీ ఒకటేనని రుజువైపోదు, నిజమే. కాని కళ్ళతో చూసినప్పుడు "భూమికీ ఆకాశానికీ ఉన్నంత" అన్న తేడా, చూడకపోయేసరికి ఎక్కడికి పోయిందనే ప్రశ్నకి అవతలివాళ్ళే జవాబు చెప్పాలి.

ఇక నోస్టాల్జియా సంగతి. 1991కి ముందు మన దేశంలో విదేశీ స్టీరియో అంటే మామూలు కుటుంబాలకి అందని సంగతి. దిగుమతి సుంకాలు అలా ఉండేవి. గల్ఫ్ నుంచో, సింగపూర్ నుంచో ఎవరైనా "ఫారిన్ సెట్టు" తెస్తే వీధంతా వచ్చి చూసేది. మనవాళ్ళు సొనోడైన్ కొనుక్కోగలిగితే గొప్ప. అప్పుడు గాజు అద్దాల వెనక చూసి వదిలేసినదాన్ని ఇప్పుడు కొనగలిగిన స్తోమత వచ్చింది. ఆ సంతోషం నిజమైనదే. దానికి శాస్త్రీయమైన సాకు ఏదీ అక్కర్లేదు. "నాకు చిన్నప్పటి ముచ్చట తీరింది" అంటే ఎవరూ కాదనరు. "దీని సౌండు మీద ఇంకేదీ రాదు" అన్నప్పుడే రుజువు అడగవలసి వస్తుంది.

రెండో మాట, పాతవి గట్టిగా తయారయ్యాయనేది. ఇందులో సగం నిజముంది. బరువైన ట్రాన్స్‌ఫార్మర్లు, పెద్ద హీట్ సింక్‌లు, విప్పి సాల్డరింగ్ చేసుకోవడానికి వీలైన విడి భాగాలు అప్పటివాటిలో ఉండేవి. తెలిసిన మెకానిక్ సర్క్యూట్ పటం ముందు పెట్టుకుని బాగుచేయగలడు. ఇప్పటి చాలా యాంప్లిఫయర్లలో బోర్డు పాడైతే బోర్డు మొత్తం మార్చాలి, కొన్నేళ్ళు పోతే ఆ బోర్డు దొరకదు. ఇది కొత్తవాటి మీద న్యాయమైన ఫిర్యాదే. అయితే ఇంకో సగం గమనించాలి. ఆనాటివాటిలో పాడైపోయినవన్నీ ఎప్పుడో చెత్తలోకి పోయాయి. మిగిలినవాటిని చూసి "అప్పటివన్నీ ఇంత గట్టివి" అనడం, నూరేళ్ళు బతికిన ఒక తాతగారిని చూసి ఆ తరంవాళ్ళంతా నూరేళ్ళు బతికారనడం లాంటిది.

మిగిలినవి కూడా వయసు తప్పించుకోలేదు. వాటిలోని ఎలక్ట్రొలిటిక్ కపాసిటర్లలో ఒక ద్రవం ఉంటుంది. అది క్రమంగా ఎండిపోతుంది. మామూలు రకం కపాసిటర్ 85 డిగ్రీల వేడిలో 2,000 గంటలు పనిచేస్తుందని లెక్క. వేడి 10 డిగ్రీలు తగ్గినకొద్దీ ఆయుష్షు రెట్టింపవుతుందని ఇంజనీర్ల అంచనా. లోపల 45 డిగ్రీలుంటే 32,000 గంటలు. రోజుకి మూడు గంటలు వాడితే అది 29 ఏళ్ళు. 1976 నాటి పెట్టెకి ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. అవి ఎండిపోతే బాస్ పలచబడవచ్చు, హమ్ రావచ్చు, స్వరాల సమతూకం మారవచ్చు. చాలామంది తన్మయత్వంతో వినే "వింటేజ్ సౌండ్"లో కొంత భాగం ఇలా ఎండిపోయిన కపాసిటర్లదే కావచ్చు. డిజైన్ చేసిన ఇంజనీరు దాన్ని వింటే వెంటనే రిపేరుకి పంపమంటాడు.

ప్రమాదాలు కూడా ఉన్నాయి. అమెరికాలో కొన్నవి చాలామటుకు 120 వోల్టులవి. మన 230 వోల్టులు నేరుగా ఇస్తే తగలబడిపోతాయి. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. పెట్టినా, 60 సైకిళ్ళకి చేసిన ట్రాన్స్‌ఫార్మర్ మన 50 సైకిళ్ళ మీద కాస్త ఎక్కువ వేడెక్కుతుంది. పెళుసుబారిన తీగల వల్ల షాక్ కొట్టవచ్చు. ఒక అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్టయి, రక్షణ రిలే పనిచేయకపోతే స్పీకర్లు కూడా కాలిపోతాయి. తయారీ ఎప్పుడో ఆగిపోయిన ఆ ట్రాన్సిస్టర్ల పేరుతో బజార్లో నకిలీలు దొరుకుతాయి. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలోనైనా, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనైనా తెలిసినవాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళడం మంచిది.

ఇక్కడిదాకా చదివి నేను కొత్తవాటి తరఫున వకాల్తా పుచ్చుకున్నానని అనుకోకండి. కొత్తవాళ్ళ అబద్ధాలు పాతవాళ్ళ భ్రమలకంటే పెద్దవి. 1990లలో మన బజార్లో మ్యూజిక్ సిస్టమ్‌ల మీద పెద్ద అక్షరాలతో "1000 వాట్స్ పీఎంపీఓ" అని ఉండేది గుర్తుందా? అదే పెట్టెని వెనక్కి తిప్పితే చిన్న అక్షరాలతో విద్యుత్ వాడకం 40 వాట్లనో, 60 వాట్లనో ఉండేది. 60 వాట్లు తీసుకుని 1000 వాట్లు ఇచ్చే యంత్రం ఉంటే దేశానికి కరెంటు కోతలే ఉండవు. శక్తి నిత్యత్వ సూత్రం హైస్కూల్లో చదువుకున్న ఇళ్ళలోనే ఆ సెట్లు కొన్నారు.

అమెరికాలో ఇలాంటి అంకెల గారడీని ఆపడానికి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లో ఒక నిబంధన తెచ్చింది. స్టీరియో చానెళ్ళు రెండూ ఒకేసారి మోగుతుండగా, ఏ స్వరం నుంచి ఏ స్వరం దాకా, ఎంత డిస్టార్షన్‌తో ఎన్ని వాట్లు నిలకడగా ఇస్తుందో చెప్పాలంది. పైగా అంతకుముందు గంటసేపు మూడోవంతు శక్తితో నడిపి యంత్రాన్ని వేడెక్కించాలంది. ఎస్ఎక్స్-1250 మీది 160 వాట్లు ఈ నిబంధన ప్రకారం చెప్పినవి, అంటే నిజమైనవి. ఆ తరవాత హోమ్ థియేటర్ కాలంలో చాలామంది ఒకే చానెల్, ఒకే స్వరం, 10 శాతం డిస్టార్షన్ దగ్గర కొలిచి అంకె పెంచేశారు. 2024లో ఆ నిబంధనని సవరించి మళ్ళీ బిగించవలసి వచ్చింది.

ఇప్పుడు ఆన్‌లైన్లో దొరికే చిన్న క్లాస్-డీ పెట్టెల మీద "100 వాట్లు" అని ఉంటే లెక్క మీరే కట్టవచ్చు. దానితో ఇచ్చిన అడాప్టర్ 12 వోల్టులు, 2 ఆంపియర్లు అనుకోండి. రెండూ గుణిస్తే 24 వాట్లు. రెండు చానెళ్ళకీ కలిపి అంతకంటే ఎక్కువ నిలకడగా రావడం అసాధ్యం. అలాగని అది పనికిరాదని కాదు. క్లాస్-డీ పద్ధతిలో తీసుకున్న విద్యుత్తులో 90 శాతం దాకా స్పీకర్‌కి చేరుతుంది. పాత పద్ధతిలో సిద్ధాంతరీత్యా కూడా 78 శాతం దాటదు, మామూలుగా వినేటప్పుడు ఇంకా చాలా తక్కువ, మిగతాది వేడిగా పోతుంది. చక్కని అడాప్టర్ తగిలించిన చిన్న పెట్టె ఒక మామూలు గదికి సరిపోతుంది.

ఎందుకంటే వాట్ల లెక్క మనం అనుకున్నట్టుండదు. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్. అది తెలుస్తుంది గాని ఆశ్చర్యపరచదు. చెవికి రెట్టింపు గట్టిగా వినిపించాలంటే దాదాపు పది రెట్లు వాట్లు కావాలి. ఇంట్లో మామూలుగా వినేటప్పుడు ఖర్చయ్యేది ఒకటి రెండు వాట్లే. 20 వాట్లున్నా, 160 ఉన్నా మిగతావి ఎప్పుడో వచ్చే పెద్ద మృదంగం దెబ్బ కోసం దాచుకున్నవి. ఆ దెబ్బకి అవి చాలకపోతే మాత్రం సంకేతం తలా కాళ్ళూ తెగిపోయి తేడా స్పష్టంగా వినిపిస్తుంది. పెద్ద గది, తక్కువ సెన్సిటివిటీ ఉన్న స్పీకర్లు అయితే ఎక్కువ వాట్లు అవసరమే.

మూడో మాట, డబ్బుకి తగిన విలువ. 1976లో ఎస్ఎక్స్-1250 ధర 900 డాలర్లు. ఈనాటి డాలర్లలో అది దాదాపు 5,000. కనుక దాన్ని ఇవాళ్టి చవక పెట్టెతో పోల్చి "అప్పటివి గొప్పవి" అనడం, అప్పటి బెంజి కారుని ఇప్పటి ఆల్టోతో పోల్చడం లాంటిది. అంత డబ్బు ఇవాళ పెడితే ఇవాళ కూడా చక్కని యంత్రమే వస్తుంది. నా ఉద్దేశంలో ఎవరి దగ్గరైనా, ఉదాహరణకు, 60 వేలుంటే అందులో యాంప్లిఫయర్‌కి పావువంతు మించి పెట్టనక్కర్లేదు. మిగతాది స్పీకర్లకి పెట్టాలి. స్పీకర్‌కీ స్పీకర్‌కీ తేడా కళ్ళు మూసుకుని ఎవరైనా చెప్పగలరు. ఆ తరవాత గది. బోసి గోడల గదిలో కొన్ని బాస్ స్వరాలు 10 డెసిబెల్స్ హెచ్చుతగ్గుగా మోగుతాయి. స్పీకర్లని గోడనుంచి రెండడుగులు ముందుకి జరపడం, ఒక మందపాటి తివాచీ పరవడం, పుస్తకాల బీరువా పెట్టడం, ఇవి తెచ్చే మార్పుని ఏ యాంప్లిఫయరూ తేలేదు. వాటికి ఖర్చు కూడా తక్కువ. అందుకే కాబోలు వాటి గురించి ఎవరూ ప్రకటనలు వెయ్యరు.

ఇంట్లో పెద్దవాళ్ళ నాటి పాత యాంప్లిఫయర్ ఉంటే పారేయమని నేను చెప్పడం లేదు. కపాసిటర్లు మార్పించి, నాబ్‌లు శుభ్రం చేయించి వాడుకుంటే అది ఇంకో పాతికేళ్ళు పనిచేస్తుంది. కొత్తదానికేమీ తీసిపోదు. పైగా గ్రామఫోన్ రికార్డులకి కావలసిన ఫోనో స్టేజి అందులోనే ఉంటుంది. అదే యాంప్లిఫయర్‌కి మహిమలు అంటగట్టి, పదవీవిరమణ డబ్బులోంచి లక్షలు లాగే వ్యాపారం వేరు. ఘంటసాల 78 ఆర్పీఎం రికార్డులు వాటి మీదే వినాలని ఒక వ్యాపారి చెప్పగా విన్నాను. ఆ రికార్డుల్లో నమోదైన స్వరాల పరిధి చాలా పరిమితం. లోపలికి వెళ్ళనిది ఏ యాంప్లిఫయర్ నుంచీ బయటికి రాదు.

కొందరు చివరికి ఒక వాదన చేస్తారు. "వాల్వులు కలిపే రెండో హార్మోనిక్ అంటే పై స్థాయి షడ్జమమే కదా. అది చెవికి ఇంపుగానే ఉంటుంది. డిస్టార్షనైతేనేం?" అని. ఇది నిజాయితీ ఉన్న వాదన. మూలంలో లేనిది కలుస్తోందని ముందే ఒప్పుకుంటున్నారు. పచ్చడిలో నెయ్యి కలుపుకున్నట్టు ఎవరి రుచి వారిది. నాకేమీ అభ్యంతరం లేదు. కాని అభిరుచి వేరు, వాస్తవం వేరు. "నాకు నచ్చింది" అన్నదానికి రుజువు అక్కర్లేదు. "ఇది మూలానికి దగ్గరగా ఉంది" అన్నదానికి కావాలి.

2007లో జేమ్స్ రాండీ 7,000 డాలర్లు దాటిన స్పీకర్ తీగలని మామూలు తీగల నుంచి విని విడదీసి చెప్పినవారికి తన పది లక్షల డాలర్ల బహుమతి ఇస్తానన్నాడు. ఆ పరీక్ష చివరికి జరగనే లేదు. నా దగ్గర అంత డబ్బు లేదు గాని పద్ధతి అదే. ఎవరైనా సరే తమ పాత యాంప్లిఫయర్ని బాగుచేయించి తీసుకురావచ్చు. స్థాయిలు సరిచేసి, తెర వెనక పెట్టి 16సార్లు వినిపిస్తాం. అందులో 12 సరిగ్గా చెబితే అది అదృష్టవశాత్తూ జరిగే అవకాశం నూటికి నాలుగుకంటే తక్కువ. అలా చెప్పినవారితో ఇంకోసారి చేయించి, అప్పుడూ నిలబడితే, ఆ రెండు యంత్రాల మధ్య తేడా ఎక్కడుందో మల్టీమీటరు, ఆసిలోస్కోపు పట్టుకుని అందరం కలిసి వెతుకుదాం. తప్పకుండా ఏదో ఒకటి దొరుకుతుంది. ఏమీ దొరక్కపోతే మరీ మంచిది, కొత్త సంగతి ఒకటి నేర్చుకున్నట్టవుతుంది. బాబాలని మనం అడిగేది ఇంతే కదా. మన డ్రాయింగు రూములోని పెట్టెని కూడా అదే అడుగుదాం.